లివర్‌లో మిగిలే కొవ్వు, రక్తంలోకి వెళ్లే కొవ్వు

లోమిటాపైడ్ అనే మందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012 డిసెంబర్‌లో అనుమతి ఇచ్చింది. రక్తంలోంచి కొలెస్టరాల్‌ను తీసేయించే జన్యువు, తల్లి నుంచి వచ్చిందీ తండ్రి నుంచి వచ్చిందీ రెండూ పాడై పుట్టి, చిన్న వయసులోనే గుండె రక్తనాళాలు పూడుకుపోయేవాళ్ల కోసం వచ్చిన మందు అది. 29 మందితో మొదలైన ప్రధాన పరీక్షలో, 26 వారాలయ్యేసరికి ఎల్‌డీఎల్ కొలెస్టరాల్, అంటే చెడ్డ కొలెస్టరాల్ అని పిలిచేది, దాదాపు సగానికి పడిపోయింది. కొలెస్టరాల్ తగ్గించే మామూలు మందులైన స్టాటిన్లకు పెద్దగా లొంగని జబ్బులో అది గొప్ప ఫలితమే. కానీ అదే 26 వారాల్లో వాళ్ల లివర్‌లో కొవ్వు సగటున 1 శాతం నుంచి 8.6 శాతానికి పెరిగింది.

ఒక చోట తగ్గింది, ఇంకో చోట పెరిగింది. ఎందుకంటే ఆ మందు కొవ్వును కరిగించదు. లివర్ నుంచి కొవ్వు రక్తంలోకి వెళ్లే దారిని బిగిస్తుంది, అంతే. వెళ్లాల్సింది వెళ్లకపోతే లోపలే ఉండిపోతుంది.

మన దగ్గర ఈ రెండింటినీ విడివిడి సమస్యలుగా చూడటం అలవాటైపోయింది. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వస్తే ఒక డాక్టర్ దగ్గరికి, రక్తంలోని కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్‌లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ వస్తే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తారు. రెండు ఫైళ్లు, రెండు మందుల చీటీలు. నిజానికి ఈ రెండు రిపోర్టులూ ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి చూపిస్తున్నాయి. లివర్ కణంలోకి వచ్చిన కొవ్వులో ఎంత బయటికి పోయింది, ఎంత మిగిలిపోయింది అన్నదే ఆ విషయం. అది చాలావరకు అపోబి అనే ఒక్క ప్రోటీన్ పుట్టుక దగ్గర తేలుతుంది.

అసలు లివర్ కొవ్వును బయటికి ఎందుకు పంపాలి? భోజనానికీ భోజనానికీ మధ్య, ముఖ్యంగా రాత్రి నిద్రలో, ఒంట్లోని కొవ్వు కణజాలం నుంచి ఫ్యాటీ యాసిడ్లు రక్తంలోకి వస్తాయి. వాటిలో గణనీయమైన భాగం లివర్‌కి చేరుతుంది. విడి ఫ్యాటీ యాసిడ్లు ఎక్కువగా పోగుపడితే కణానికి హాని. అందుకే లివర్ వాటిలో కొన్నిటిని ఇంధనంగా కాల్చేస్తుంది, మిగిలినవాటిని మూడేసి చొప్పున గ్లిజరాల్‌కి తగిలించి ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది. ట్రైగ్లిజరైడ్ కణానికి అంత హాని చెయ్యదు, దాచుకోవచ్చు. కానీ గుండెకీ కండరాలకీ ఇంధనం కావాలి. కాబట్టి దాచినదాన్ని మళ్లీ పంచాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి లివర్ ఇలా రోజుకి కొన్ని పదుల గ్రాముల కొవ్వును రక్తంలోకి పంపుతుంది.

ఇక్కడే ఇబ్బంది. రక్తంలో ఎక్కువ భాగం నీరే, కొవ్వు అందులో కలవదు. నేరుగా వదిలితే బొట్లు బొట్లుగా తేలి చిన్న రక్తనాళాలకు అడ్డం పడుతుంది. దీనికి ప్రకృతి కనిపెట్టిన ఉపాయం పూర్ణంబూరె లాంటిది. లోపల పూర్ణంలా ట్రైగ్లిజరైడ్లు, కొలెస్టరాల్ ఎస్టర్లు (ఫ్యాటీ యాసిడ్ తగిలించిన కొలెస్టరాల్) ఉంటాయి. చుట్టూ ఒక వైపు నీటిని, ఇంకో వైపు కొవ్వును ఇష్టపడే ఫాస్ఫోలిపిడ్ల పల్చటి పొర ఉంటుంది, దాని నీటిని ఇష్టపడే వైపు బయటికి తిరిగి ఉంటుంది. ఆ పొరను పట్టి ఉంచేది ఇందాక చెప్పిన అపోబి. లివర్‌లో తయారయ్యే దాని రూపాన్ని అపోబి-100 అంటారు. ఈ రేణువు పేరే వీఎల్‌డీఎల్, అంటే చాలా తక్కువ సాంద్రత ఉన్న లిపోప్రోటీన్. అడ్డంగా కొలిస్తే సుమారు 30 నుంచి 80 నానోమీటర్లు. 1950 ప్రాంతంలో బర్కిలీలో జాన్ గాఫ్‌మన్ బృందం రక్తాన్ని అతివేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి, ఏ రేణువులు ఎంత తేలుతున్నాయో చూసి వీటిని వేరు చేసింది. ఈ రోజుకీ రిపోర్టుల్లో కనిపించే పేర్లన్నీ ఆ తేలడం మునగడం నుంచి వచ్చినవే.

అపోబి-100 మామూలు ప్రోటీన్ కాదు. 4536 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు. రక్తంలో తిరిగే ప్రోటీన్లలో ఇంత పొడవైన గొలుసులు చాలా అరుదు. ఒక్కో వీఎల్‌డీఎల్ రేణువుకి ఒక్కటంటే ఒక్క అపోబి. రేణువు పెద్దదైనా చిన్నదైనా ఈ లెక్క మారదు. చివరిదాకా, అంటే ఆ రేణువు ఎల్‌డీఎల్‌గా మారి లివర్‌కి తిరిగి చేరేదాకా, ఆ అపోబి దాన్ని వదిలి వేరే రేణువు మీదికి దూకదు. పేగుల్లో కూడా ఇదే జన్యువు పనిచేస్తుంది. అయితే అక్కడ ఒక ఎంజైమ్, జన్యువు నుంచి తీసిన నకలైన ఎంఆర్‌ఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరాన్ని మార్చి, మధ్యలోనే ఆపు గుర్తు పెడుతుంది. దాంతో 2152 అమైనో ఆమ్లాల దగ్గరే గొలుసు ముగిసి అపోబి-48 తయారవుతుంది. తిన్న కొవ్వును మోసే కైలోమైక్రాన్లకు ఆధారం అదే. మనుషుల్లో ఈ మార్పు పేగుల్లోనే జరుగుతుంది. ఎలుకల్లో లివర్‌లో కూడా జరుగుతుంది. కాబట్టి ఎలుకల మీద చేసిన లివర్ పరీక్షల ఫలితాన్ని చదివినప్పుడు కాస్త ఆగి ఆలోచించడం మంచిది.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ప్రోటీన్ల విషయంలో కణం ఎంత కావాలంటే అంత తయారు చేసుకుంటుంది. అవసరం పెరిగితే జన్యువు నుంచి ఎక్కువ ఎంఆర్‌ఎన్‌ఏ తీసి, తగ్గితే తగ్గిస్తుంది. అపోబి దగ్గర కథ వేరు. లివర్ కణం దాదాపు ఎప్పుడూ అపోబిని తయారు చేస్తూనే ఉంటుంది. దాని ఎంఆర్‌ఎన్‌ఏ పరిమాణం పెద్దగా మారదు. మారేది, పుట్టిన అపోబిలో ఎంత బతుకుతుంది అన్నది. లివర్ క్యాన్సర్ నుంచి తీసి ల్యాబుల్లో పెంచే హెప్‌జీ2 కణాల మీద ఇది స్పష్టంగా కనిపించింది. వాటికి కొవ్వు అందనప్పుడు, పుట్టిన అపోబిలో పెద్ద భాగం కణం లోపలే ముక్కలైపోతుంది. ఒలీక్ యాసిడ్ ఇస్తే, ఎంఆర్‌ఎన్‌ఏ పెరగకుండానే బయటికి వచ్చే అపోబి పెరుగుతుంది. ఇంత పొడవైన ప్రోటీన్‌ను కష్టపడి కట్టి మళ్లీ కూల్చేయడం దుబారాలా అనిపిస్తుంది. కానీ దీనివల్ల లివర్‌కి ఒక గొప్ప సౌకర్యం దొరుకుతుంది. కొవ్వు వచ్చిపడ్డ నిమిషాల్లోనే బయటికి పంపే పని పెంచగలదు, జన్యువు మేలుకుని కొత్తగా ఎంఆర్‌ఎన్‌ఏ తీసేదాకా ఆగక్కర్లేదు.

ఈ బతకడం, చావడం ఎలా తేలుతుందంటే: ప్రోటీన్లను అల్లే యంత్రమైన రైబోజోమ్ మీద అపోబి గొలుసు అల్లుకుంటూనే, మొదటి కొస కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరల గది లోపలికి దిగుతుంది. దిగుతున్నప్పుడే దానికి కొవ్వు అందాలి. అందించేది ఎంటీపీ అనే ప్రోటీన్. లోమిటాపైడ్ అడ్డుకునేది దీన్నే. ఎంటీపీ ట్రైగ్లిజరైడ్లనూ ఫాస్ఫోలిపిడ్లనూ తెచ్చి అప్పుడే పుడుతున్న అపోబి మొదటి భాగంలోకి చేరుస్తుంది. కొవ్వు అందిన గొలుసు సరిగ్గా మడత పడి లోపలికి సాగిపోతుంది. అందకపోతే సగం లోపల, సగం బయట ఇరుక్కుపోతుంది. కణం దాన్ని పనికిరానిదిగా గుర్తించి, యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌కి అప్పగిస్తుంది. అంటే గొలుసు పూర్తిగా పుట్టకముందే దాని గతి ఖాయమైపోయే అవకాశం ఉంది.

ఇలా తయారయ్యేది చిన్న తొలి రేణువు మాత్రమే. అసలైన కొవ్వు నింపడం తర్వాత జరుగుతుంది. కణంలో దాచిన కొవ్వు చుక్కల్లోని ట్రైగ్లిజరైడ్ నేరుగా రేణువులోకి వెళ్లదు. చాలావరకు ముందు ఫ్యాటీ యాసిడ్లుగా విడిపోయి, రెటిక్యులమ్ దగ్గర మళ్లీ ట్రైగ్లిజరైడ్‌గా కట్టుకుని, అప్పుడు తొలి రేణువుతో కలుస్తుంది. ఎంత కలిస్తే రేణువు అంత పెద్దది. బాగా నిండినదాన్ని వీఎల్‌డీఎల్1 అనీ, అంతగా నిండనిదాన్ని వీఎల్‌డీఎల్2 అనీ అంటారు. ఈ తేడా పరిశోధకులకే పరిమితమైనదిలా కనిపిస్తుంది గానీ, మన దేశంలో కనిపించే లిపిడ్ సమస్యకు మూలం చాలావరకు ఈ వీఎల్‌డీఎల్1 దగ్గరే ఉంది. ఆ తర్వాత రేణువు కణంలో సరుకును సర్ది పంపే గాల్జీ అనే భాగానికి, అక్కడి నుంచి కణం అంచుకి చేరి రక్తంలోకి విడుదలవుతుంది. ఇంత పెద్ద సరుకును మోయడానికి మామూలు సంచులు సరిపోవు. ఎస్‌యూఆర్‌ఎఫ్4 లాంటి ప్రోటీన్లు ప్రత్యేకంగా సాయపడతాయి. ఎలుకల లివర్‌లో దాన్ని తీసేస్తే రక్తంలో లిపిడ్లు బాగా పడిపోయాయి.

గాల్జీ దాకా వచ్చాక కూడా రేణువుని కూల్చే అవకాశం మిగిలే ఉంటుంది. చేప నూనెలోని ఒమేగా-3 ఫ్యాటీ యాసిడ్లు లివర్ కణంలో చేరినప్పుడు, దాదాపు తయారైపోయిన రేణువుల్లోని అపోబి ఆక్సీకరణకు గురై ముక్కలవుతుందని 2004లో పరిశోధకులు చూపించారు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్నవాళ్లకు డాక్టర్లు రోజుకి 4 గ్రాముల ఒమేగా-3 రాసే వైద్యం వెనకున్న కారణాల్లో ఇదొకటి. షాపులో దొరికే ఒక చిన్న చేపనూనె మాత్రతో ఆ మోతాదు రాదు.

ఈ మొత్తం వ్యవస్థ మీద అదుపు ఇన్సులిన్‌ది. భోజనం చేశాక పేగుల నుంచి కైలోమైక్రాన్లు ఎలాగూ కొవ్వు మోసుకొస్తాయి. ఆ సమయంలో లివర్ కూడా పంపితే రక్తం కొవ్వుతో చిక్కబడుతుంది. అందుకే ఇన్సులిన్ పెరిగినప్పుడు రెండు పనులు చేస్తుంది. కొవ్వు కణజాలం నుంచి ఫ్యాటీ యాసిడ్లు రాకుండా ఆపుతుంది. లివర్‌లో అపోబి కూలిపోవడాన్ని పెంచి, ముఖ్యంగా పెద్ద రేణువులైన వీఎల్‌డీఎల్1 విడుదలను తగ్గిస్తుంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఇన్సులిన్ మాటను ఒళ్లు సరిగ్గా వినకపోవడం, వచ్చినవాళ్లలో ఈ రెండు అదుపులూ సడలిపోతాయి. విచిత్రం ఏమిటంటే, ఇన్సులిన్ చేసే మూడో పని మాత్రం ఆగదు. పిండిపదార్థాల నుంచి లివర్‌లో కొత్త కొవ్వు తయారు చేయించడం అలాగే కొనసాగుతుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ప్యాంక్రియాస్ ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది కాబట్టి ఈ పని ఇంకా పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో, షుగర్ రాబోతున్నవాళ్లలో ట్రైగ్లిజరైడ్లు ఎందుకు అంత మొండిగా ఉంటాయో ఇక్కడ అర్థమవుతుంది.

లివర్‌లోని కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో కొలిచిన పరిశోధన 2005లో అమెరికాలో వచ్చింది. ఫ్యాటీ లివర్ ఉన్న కొద్దిమందికి గుర్తు వేసిన అణువులు ఇచ్చి, తర్వాత బయాప్సీలో వాటి జాడ వెతికారు. లివర్ ట్రైగ్లిజరైడ్లలో 59 శాతం ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చిన ఫ్యాటీ యాసిడ్ల వల్ల, 26 శాతం లివర్ కొత్తగా తయారు చేసుకున్న కొవ్వు వల్ల, 15 శాతం మాత్రమే తిన్న నూనె, నెయ్యి లాంటి కొవ్వుల వల్ల అని తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కొత్తగా తయారయ్యే భాగం బాగా తక్కువ. వీఎల్‌డీఎల్‌లో కూడా దాదాపు ఇదే పోలిక కనిపించింది. నూనె మానేస్తే లివర్ బాగుపడుతుందని నమ్మి, మూడు పూటలా అన్నం, మధ్యలో చక్కెర టీలు, జ్యూసులు కొనసాగించేవాళ్లకి ఈ అంకెలు చెప్పే సంగతి చాలా ముఖ్యమైనది. షుగర్ జబ్బు మీద దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో సగటున దాదాపు 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. ఇందులో దక్షిణాదిన తెల్ల బియ్యానిది పెద్ద వాటా.

లివర్‌లో కొవ్వు పెరిగేకొద్దీ బయటికి పంపడం కూడా పెరుగుతుంది, కానీ ఎల్లకాలం కాదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం 2008లో దీన్ని కొలిచింది. లివర్ కొవ్వు సుమారు 10 శాతం దాటాక వీఎల్‌డీఎల్ ట్రైగ్లిజరైడ్ విడుదల ఇక పెరగకుండా ఒక మట్టం దగ్గర ఆగిపోయింది. లోపలికి వచ్చేది మాత్రం ఆగలేదు. అంటే ఫ్యాటీ లివర్ ముదిరినవాళ్లలో లివర్ సోమరిగా ఉందని కాదు. చేతనైనంత పంపేస్తూనే ఉంది, అయినా వచ్చేదానికి సరిపోవడం లేదు.

రక్తంలోకి వెళ్లాక రేణువు మారుతూ పోతుంది. మంచి కొలెస్టరాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ రేణువుల నుంచి అపోసి-2, అపోఈ లాంటి చిన్న ప్రోటీన్లను అందుకుంటుంది. కండరాల్లో, గుండెలో, కొవ్వు కణజాలంలో సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుని ఉన్న లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్, అపోసి-2 తోడుతో, ట్రైగ్లిజరైడ్లను కోసి ఫ్యాటీ యాసిడ్లను లోపలికి పంపుతుంది. లోపలి కొవ్వు తగ్గేకొద్దీ రేణువు కుంచించుకుపోతుంది. కొన్నిటిని లివర్ మధ్యలోనే వెనక్కి తీసుకుంటుంది. మిగిలినవి దాదాపు కొలెస్టరాల్ మాత్రమే మిగిలిన చిన్న రేణువులుగా మారతాయి. అవే ఎల్‌డీఎల్. లివర్ ఎల్‌డీఎల్‌ను పనిగట్టుకుని తయారు చేసి వదలడం లేదు. అది ప్రధానంగా పాతబడిన వీఎల్‌డీఎల్. వీఎల్‌డీఎల్ రక్తంలో గంటలు ఉంటే, ఎల్‌డీఎల్ రెండు మూడు రోజులు తిరుగుతుంది. ఆ సమయంలోనే ధమనుల గోడల్లోకి చొరబడుతుంది. ఎల్‌డీఎల్‌ను పట్టుకుని వెనక్కి తీసుకునే గ్రాహకాన్ని (రిసెప్టార్‌ని) కనుగొన్న మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. స్టాటిన్లు చేసేది లివర్ మీద ఈ గ్రాహకాల సంఖ్య పెంచడమే.

వీఎల్‌డీఎల్1 ఎక్కువైనప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. సీఈటీపీ అనే ప్రోటీన్ రేణువుల మధ్య కొవ్వును మార్పిడి చేస్తూ ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లతో కిక్కిరిసిన వీఎల్‌డీఎల్ నుంచి ట్రైగ్లిజరైడ్‌ను హెచ్‌డీఎల్‌కీ ఎల్‌డీఎల్‌కీ ఇచ్చి, బదులుగా వాటి కొలెస్టరాల్‌ను తీసుకుంటుంది. ట్రైగ్లిజరైడ్ నిండిన హెచ్‌డీఎల్ త్వరగా కరిగి మాయమవుతుంది. ఎల్‌డీఎల్ చిన్నదై, దట్టంగా తయారవుతుంది. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగి 2014లో వెలువడ్డ ఐసీఎంఆర్-ఇండియాబ్ తొలి దశ లిపిడ్ ఫలితాల్లో హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లు 72.3 శాతం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లు 29.5 శాతం. ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లు 11.8 శాతమే. హెచ్‌డీఎల్ తక్కువ కావడానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఈ అంకెల పొందిక చూస్తే, ఎక్కువమందిలో ఇబ్బంది లివర్ పెద్ద పెద్ద రేణువులను అతిగా విడుదల చేయడం దగ్గర మొదలవుతోందని అనుకోవడానికి బలమైన ఆధారం కనిపిస్తుంది.

పంపడం ఆగిపోతే ఏమవుతుందో ప్రకృతి కూడా కొన్ని చోట్ల చూపించింది. 1950లో న్యూయార్క్‌లో బాసెన్, కోర్న్‌జ్వీగ్ అనే ఇద్దరు డాక్టర్లు ఎర్ర రక్తకణాలు ముళ్లముళ్లుగా ఉండి, నడక తడబడి, చూపు మందగించిన ఒక అమ్మాయి గురించి రాశారు. ఇలాంటివాళ్ల రక్తంలో అపోబి ఉన్న రేణువులే లేవని తర్వాత తెలిసింది. 1992లో అసలు కారణం దొరికింది. అపోబి జన్యువు బాగానే ఉంది, లేనిది ఎంటీపీ. వాళ్ల లివర్‌లో, పేగుల గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. కొవ్వుతోపాటు ప్రయాణించే విటమిన్ ఈ నరాలకు అందక అవి దెబ్బతింటాయి. పెద్ద మోతాదులో విటమిన్ ఈ ముందుగా మొదలుపెడితే చాలా నష్టాన్ని ఆపవచ్చు.

పై పొరకి సరుకు దొరక్కపోయినా ఇదే గతి. ఇన్సులిన్ కనుగొన్న తర్వాత టొరంటోలో, ప్యాంక్రియాస్ తీసేసిన కుక్కల్ని ఇన్సులిన్‌తో బతికించినా వాటి లివర్లు కొవ్వుతో నిండిపోయేవి. గుడ్డు సొనలో ఉండే లెసిథిన్ అనే ఫాస్ఫోలిపిడ్ ఇస్తే బాగుపడ్డాయి. అందులో పనిచేసింది కోలీన్ అని చార్లెస్ బెస్ట్ బృందం 1932లో చూపించింది. రేణువు పై పొరలోని ప్రధాన ఫాస్ఫోలిపిడ్ తయారీకి కోలీన్ కావాలి. పొర లేనిదే రేణువు లేదు. క్వాషియోర్కర్ అనే తీవ్ర పోషకాహార లోపంతో ఒళ్లంతా వాచిన పిల్లల్లో లివర్ కొవ్వుతో ఉబ్బిపోవడానికి కూడా, అపోబి కట్టడానికి ప్రోటీన్ చాలకపోవడమే కారణమని చాలాకాలం వివరించారు. ఇప్పుడు ఇతర కారణాలు కూడా తోడయ్యాయి. ఈ జబ్బు మీద చెప్పుకోదగ్గ కృషి పోషకాహార శాస్త్రవేత్త సి.గోపాలన్‌ది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కి వచ్చిన సంస్థే ఆయన నడిపిన జాతీయ పోషకాహార సంస్థ. తిండి లేక వచ్చిన ఫ్యాటీ లివర్, తిండి ఎక్కువై వచ్చిన ఫ్యాటీ లివర్ రెండూ ఈ దేశం చూసింది.

2014లో దొరికిన టీఎమ్6ఎస్ఎఫ్2 అనే జన్యువులోని మార్పు ఈ లెక్కనంతా మనుషుల్లోనే రుజువు చేసింది. దానిలో 167వ అమైనో ఆమ్లం మారినవాళ్లకి లివర్‌లో కొవ్వు ఎక్కువ, రక్తంలో కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు తక్కువ. రేణువులోకి కొవ్వు నింపే దశ వాళ్లలో మందగిస్తుంది. గుండెపోటు ముప్పు కొంత తగ్గుతుంది, లివర్ జబ్బు ముప్పు పెరుగుతుంది. అలాంటి మనిషి లిపిడ్ రిపోర్టు చూసి అంతా బాగుందని చెబితే సగం చెప్పినట్టే.

అందుకే మందుల ఆలోచన కూడా మారింది. బయటికి వెళ్లేదాన్ని అడ్డుకోవడం కంటే, లివర్‌లోనే ఎక్కువ కొవ్వును కాల్చేలా చేయడం మేలు. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన రెస్మెటిరామ్ ఈ దారిలో వచ్చింది. లివర్‌లోని థైరాయిడ్ హార్మోన్ గ్రాహకాన్ని ప్రేరేపించి పనిచేస్తుంది. దానితో లివర్ కొవ్వు, ఎల్‌డీఎల్ రెండూ కలిసి తగ్గుతున్నాయి. బరువు తగ్గడం కూడా ఇలా రెండు వైపులా పనిచేస్తుంది. లివర్ కొవ్వులో 59 శాతం వాటా ఉన్న మూలాన్నే, అంటే ఒంట్లోని కొవ్వునే, అది తగ్గిస్తుంది కదా.

రిపోర్టు చదివేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. మన ల్యాబులు ఇచ్చే వీఎల్‌డీఎల్ అంకె చాలావరకు కొలిచింది కాదు. 1972లో ఫ్రైడ్‌వాల్డ్ ఇచ్చిన సూత్రం ప్రకారం ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి రాసింది. ఎల్‌డీఎల్‌ను కూడా నేరుగా కొలవని చోట దాన్ని బట్టే లెక్కకడతారు. ట్రైగ్లిజరైడ్లు డెసిలీటర్‌కి 400 మిల్లీగ్రాములు దాటితే ఈ సూత్రం చెల్లదు. లివర్ ఎన్ని రేణువులను వదిలింది అన్నది వీఎల్‌డీఎల్ అంకె చెప్పలేదు. ఒక్కో రేణువుకి ఒక్క అపోబి కాబట్టి, రక్తంలో అపోబి ఎంతుందో కొలిస్తే రేణువుల సంఖ్య దాదాపు నేరుగా తెలుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువై, ఎల్‌డీఎల్ మామూలుగా కనిపిస్తూ, షుగరో ఫ్యాటీ లివరో ఉన్నవాళ్లు ఈ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగడం మంచిది. అది లేని చోట, మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చే నాన్-హెచ్‌డీఎల్ అంకె చూడొచ్చు. దానికి విడిగా పరీక్ష అక్కర్లేదు.